మాయాబజార్ వెన్నెల, మా మావయ్య, నాలుగు డిస్కులు

మాయాబజార్ నా దగ్గర నాలుగు రకాలుగా ఉంది. మూడు సీడీల వీసీడీ సెట్టు ఒకటి, వేరే వేరే కంపెనీల డీవీడీలు రెండు, రంగులేసి వదిలింది ఒకటి. మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే అటక మీద అట్టపెట్టెలోంచి నాలుగూ బయటపడ్డాయి, మా ఆవిడ "ఫోన్లోనే వస్తుంటే ఇవన్నీ ఇంకా ఎందుకండీ" అంది, ఎందుకో చెప్పాలంటే మా మావయ్య గురించి చెప్పాలి, అది ఒక్క ముక్కలో తేలేది కాదు, అందుకే కూర్చుని రాస్తున్నా.

మావయ్య అంటే మా అమ్మకి అన్న. రేపల్లెలో ఒక సినిమా హాల్లో ఆపరేటర్. కార్బన్ కడ్డీలు వెలిగించి బొమ్మ వేసే రోజుల్లో అసిస్టెంటుగా చేరి, ఆ హాలు కల్యాణమండపం అయిపోయేదాకా అక్కడే పనిచేశాడు. వేసవి సెలవులకి వెళ్తే నన్ను క్యాబిన్లో ఓ మూల స్టూలు మీద కూర్చోబెట్టేవాడు, ఏదీ ముట్టుకోకూడదు అన్నదొక్కటే షరతు. ఆ వేడి, కార్బన్ కాలే వాసన, పళ్ళచక్రాల మీద ఫిల్ము టకటకటక పరిగెత్తే చప్పుడు, ఆ చిన్న చదరపు కిటికీలోంచి దూరంగా తెర మీద సావిత్రి మొహం. హాల్లో కూర్చుని చూసిన సినిమాలకంటే ఆ కిటికీలోంచి చూసినవే నాకు ఎక్కువ గుర్తు.

విజయవాడ గాంధీనగర్ సినిమా ఆఫీసుల నుంచి పాత సినిమా డబ్బాలు దిగాయంటే ఆయన ముందు మూత తీసి వాసన చూసేవాడు. పచ్చడి పులిసినట్టు ఘాటుగా కొట్టిందంటే ఆ ఫిల్ము లోపల్నుంచి చెడిపోతున్నట్టు లెక్క, అది మెలికలు తిరిగి కుంచించుకుపోతుంది, ప్రొజెక్టర్లో బొమ్మ మీద దీపం పడే గేటులో సరిగ్గా కూర్చోదు, బొమ్మ వణుకుతుంది. తర్వాత రీలుని చేత్తో తిప్పి రివైండ్ చేస్తూ అంచుల్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పోనిచ్చేవాడు, చిరుగు ఎక్కడుంది అతుకు ఎక్కడ లేచింది అన్నది వేలికే తెలిసిపోయేది, అక్కడ ఆగి ఫిల్ము సిమెంటు రాసి అదిమి పట్టుకునేవాడు. ఎన్ని గీతలున్నాయో దీపం ముందు పెట్టి చూసి "ఈ ప్రింటుకి వాన ఎక్కువరా" అనేవాడు. వాన అంటే తెర మీద నిలువుగా కురిసే గీతలు. మా ఊళ్ళల్లో అందరూ అదే మాట అనేవాళ్ళు.

2001లో మేం విజయవాడలో ఉండగా ఇంట్లో వీసీడీ ప్లేయర్ కొన్నాం. బీసెంట్ రోడ్డులో అమ్మ కోసం మొట్టమొదట కొన్నది మాయాబజారే. సినిమా మూడు గంటల పైనే, ఒక్కో సీడీలో గంటా ఇరవై నిమిషాలకి మించి పట్టదు కాబట్టి మూడు సీడీలు. ఆ ఆదివారం మావయ్య కూడా వచ్చాడు. అమ్మ, పిన్ని, పక్కింటివాళ్ళు అందరూ చాపల మీద కూర్చున్నారు, మావయ్య మాత్రం కూర్చోలేదు, టీవీకి ఆరడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. లాహిరి లాహిరి పాట మొదలై పడవ కదలగానే "ఒరేయ్, ఆపు" అన్నాడు.

ఆపాను.

"వెన్నెలేదిరా?"

నాకు అర్థం కాలేదు. పడవ ఉంది, నాగేశ్వరరావు ఉన్నాడు, సావిత్రి ఉంది, నీళ్ళున్నాయి. దగ్గరికి రమ్మని చూపించాడు. ఆకాశం అంతా గళ్ళు గళ్ళుగా ఉంది, నలుపు నుంచి తెలుపుకి మెల్లగా జారాల్సిన చోట మెట్లు మెట్లుగా విరిగిపోయింది, నీళ్ళ మీద తళుకు ఉండాల్సిన చోట సున్నం కొట్టినట్టు తెల్లటి మరక. "మార్కస్ బార్ట్లే ఆ వెన్నెల కోసం స్టూడియోలో లైట్లు పెట్టుకుని ఎంత అవస్థ పడ్డాడో నీకు తెలుసా, నిజం చంద్రుడితో తీసింది కాదురా అది, మనిషి చేసిన వెన్నెల, ఇందులో పడవ ఒక్కటే మిగిల్చారు" అన్నాడు. కోపంగా కాదు, బాధగా అన్నాడు. మద్రాసులో ఆ లైట్లు పెట్టిన కెమెరామన్ పేరు పోస్టర్ మీద కూడా ఎవరూ చదవరు, మా మావయ్య మాత్రం ఆయన పేరు ఇంట్లో పెద్దాయన పేరు చెప్పినట్టు చెప్పేవాడు. పాతాళభైరవి, మిస్సమ్మ, గుండమ్మ కథ, అన్నీ ఆ చేతివే మరి.

వీసీడీ బొమ్మలో చుక్కలు మొత్తం లెక్కేస్తే లక్ష. అడ్డంగా 352, నిలువుగా 288. డీవీడీకి వచ్చేసరికి నాలుగు లక్షలు దాటతాయి, బ్లూరేలో ఇరవై లక్షల పైన. ఇది నేను తర్వాత తెలుసుకున్నా. ఆయనకి ఈ లెక్కలేం తెలియవు, ఆ సినిమాని ఎన్ని ఆటలు వేశాడో లెక్క లేనన్నిసార్లు తెర మీద చూశాడు, ఆ తెర మీది వెన్నెల ఆయన కంట్లో ఉంది, అదొక్కటే కొలబద్ద.

అప్పుడాయన చేసిన పని ఇప్పటికీ చేస్తున్నా. రిమోట్ అడిగి తీసుకుని టీవీలో కలర్ని పూర్తిగా సున్నాకి తెచ్చాడు. బ్లాక్ అండ్ వైట్ సినిమాకి కలర్ ఎందుకు తగ్గించడం అని పిన్ని అడిగింది, కానీ తగ్గించాక తేడా అందరికీ తెలిసింది, అప్పటిదాకా మొహాల మీద అక్కడక్కడా ఆకుపచ్చ, గులాబీ మచ్చలు ఈదుతున్నట్టు ఉండేవి, అవి పోయాయి, బొమ్మ శుభ్రంగా బూడిదరంగులోకి వచ్చేసింది. తర్వాత బ్రైట్‌నెస్ దించాడు, లైటు తీసేయమన్నాడు, కిటికీకి దుప్పటి కట్టించాడు. ఆ లెక్కలు పెన్సిలుతో వీసీడీ డబ్బాలో ఉండే కాయితం వెనకాల రాసిపెట్టాడు. బ్రైట్‌నెస్ 38, కాంట్రాస్ట్ 55, కలర్ 0. వెన్నెల పూర్తిగా రాలేదు గానీ, ఆ సున్నం మరక పోయి నీళ్ళలా అయితే కనిపించాయి.

ఆ తర్వాత నాకు ఇదే పిచ్చి పట్టుకుంది. ఏ పాత సినిమా డిస్కు కొన్నా మావయ్య వచ్చేదాకా ఆగి ఆయన పక్కన కూర్చుని చూసేవాణ్ణి. ఆయన చెప్పిన వాటిలో నాకు బాగా నచ్చింది అతుకు సంగతి. ఫిల్ము మీద బొమ్మా దానికి సంబంధించిన మాటా ఒకే చోట ఉండవు, మాట ఇరవై ఫ్రేములు (ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము) ముందు ఉంటుంది, ఎందుకంటే ప్రొజెక్టర్లో బొమ్మ పడే గేటు ఒకచోట, సౌండ్ చదివే దీపం దాని కింద ఇంకోచోట. అందువల్ల ఫిల్ము తెగి అతికించిన చోట ముందు బొమ్మ ఎగురుతుంది, ముప్పావు సెకను పైన గడిచాక మాట ఎగురుతుంది. డిస్కులో అలా బొమ్మా మాటా వెనకాముందుగా ఎగిరాయంటే అది ఏదో హాల్లో తిరిగి తిరిగి అరిగిన ప్రింటు నుంచి ఎక్కించింది, కెమెరాలో తిరిగిన అసలు నెగటివ్ దగ్గరికి వాళ్ళు పోలేదు అని అర్థం. అలాగే రీలు చివర కుడిపక్క పైన చుక్క కనబడుతుంది, తర్వాతి రీలున్న రెండో మిషను సిద్ధం చేసుకోమని ఒకటి, కొన్ని సెకన్ల తర్వాత ఇక మార్చేయమని ఇంకొకటి. ఒక డిస్కులో చుక్క బదులు గోరుతో గీకినట్టు ఇంటూ మార్కు కనబడితే మావయ్య ముందుకి వంగి "ఇది ఎవరో ఆపరేటర్ గీకిందిరా, చుక్క కనబడక గీకి ఉంటాడు పాపం" అని చాలాసేపు ఆ మనిషి గురించే మాట్లాడాడు. ఏ ఊరివాడో, ఏ హాల్లోవాడో.

డీవీడీ వచ్చాక పరీక్ష మారింది. 2005లో కొన్న మొదటి డీవీడీలో బొమ్మ చూడగానే మావయ్య నోట మాట రాలేదు. నీళ్ళు కదులుతున్నాయి, ఒక్కో అల మీద వెలుగు వేరుగా తెలుస్తోంది, సావిత్రి బుగ్గ మీద నీడ మెత్తగా దిగుతోంది, కృష్ణుడూ రుక్మిణీ పడవెక్కినప్పుడు ఎన్టీఆర్ మొహం మీద పడ్డ వెలుగు కూడా తెలుస్తోంది. గీతలు ఉన్నాయి, ఉంటే ఉండనీ అన్నాడు, గ్రెయిన్ కూడా ఉంది, సన్నటి ఇసుక కదిలినట్టు. అది మచ్చ కాదు, ఫిల్ము ఒంటి నిగారింపే అది.

కానీ అమ్మకి నచ్చలేదు. అమ్మ హార్మోనియం వాయిస్తుంది, చిన్నప్పుడు రేడియోలో విని ఆ పాట నేర్చుకుంది. డీవీడీలో పాట వస్తుంటే పక్కన హార్మోనియం పెట్టుకుని కలపబోయింది, కలవడంలేదు. ఎప్పుడూ వాయించే మెట్టు మీద వేస్తే పాట పైకి ఉంది, పక్క మెట్టుకి జరిగితే పాట కిందకి ఉంది. "ఇది రెండు మెట్లకీ మధ్యలో ఉందిరా, ఘంటసాల గారి గొంతు ఇలా ఉండదు, ఎవరో తొందర పెడుతున్నట్టుంది" అంది. మేం నమ్మలేదు. తీరా డబ్బా మీద చూస్తే సినిమా నిడివి మేం అనుకున్నదానికంటే ఏడు నిమిషాలు తక్కువ ఉంది, రీలు ఎగరగొట్టారని మావయ్య సీను సీనూ గుర్తుచేసుకుంటూ కూర్చున్నాడు, ఒక్క సీనూ పోలేదు.

అసలు సంగతి నాకు చాన్నాళ్ళకి తెలిసింది. సినిమా సెకనుకి 24 ఫ్రేములు నడుస్తుంది, అప్పటి మన దేశపు టీవీ పద్ధతి పాల్‌లో 25. ఎక్కించేటప్పుడు ఆ ఒక్క ఫ్రేము తేడాని సర్దడానికి సినిమానే నాలుగు శాతం వేగంగా తిప్పేస్తారు. మూడు గంటల సినిమాలో ఏడు నిమిషాలు అలా కరిగిపోతాయి, గొంతు ముప్పాతిక మెట్టుకి కాస్త తక్కువగా పైకి లేస్తుంది. సరిచేసే వీలు ఉంటుంది గానీ చాలామంది చేయరు. ఏ మిషనూ లేకుండా హార్మోనియం మీద మా అమ్మ పట్టుకున్న తేడా ఇదే. చిన్నప్పట్నుంచీ మనకి తెలిసిన గొంతు కాస్త సన్నబడితే ఏదో పోయినట్టు ఉంటుంది, అది ఏమిటో చెప్పలేం, నాకు తెలిసి చాలామంది పెద్దవాళ్ళు డిస్కుల్లో పాటలు వింటూ "అప్పట్లో వేరేగా ఉండేది" అనడానికి ఇదొక కారణం, వాళ్ళది ఉత్త బెంగ కాదు.

ఇక రెండో డీవీడీ. దాని మీద పెద్ద అక్షరాలతో వైడ్‌స్క్రీన్, 5.1 సౌండ్ (చుట్టూ ఆరు స్పీకర్లకి) అని ఉంది, దాని కోసం డబ్బులెక్కువ పెట్టి కొన్నా. ఘటోత్కచుడు వచ్చాడు, ఎస్వీ రంగారావు గారు ఆ నడకతో అలా వచ్చి నిలబడితే కిరీటం లేదు. తెగిపోయింది. 1957 నాటి సినిమా బొమ్మ దాదాపు చదరంగా ఉంటుంది, ఒకటికి ఒకటిన్నర కూడా ఉండదు వెడల్పు, దాన్ని కొత్త టీవీ నిండా పరచాలని పైనా కిందా కోసేశారు, ఆ కోతలో ఎత్తులో దాదాపు నాలుగో వంతు పోతుంది. దుర్యోధనుడి సభలో కాళ్ళు లేవు, దగ్గరి షాట్లలో నుదుళ్ళు లేవు, మావయ్య ఆ రోజు పది నిమిషాల కంటే ఎక్కువ కూర్చోలేకపోయాడు. టీవీకి రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తే జనం డబ్బులు వృథా అనుకుంటారని కంపెనీల భయం కాబోలు, కానీ ఆ పట్టీల మధ్యలోనే మొత్తం సినిమా ఉంది.

సౌండ్ గురించి ఎక్కువ చెప్పాలి. ఫిల్ము అంచున వెలుగు గీతగా అచ్చయిన పాత మోనో సౌండ్ అది, అందులో పైస్థాయి అసలే తక్కువ, ఎనిమిది వేల హెర్ట్జ్ దాటాక చెప్పుకోదగ్గదేం ఉండదు. ఉన్నది హిస్ (సన్నటి బుస లాంటి చప్పుడు), టపటపలు, వాటి మధ్యలో మనుషుల గొంతులు. ఆ డీవీడీలో హిస్ పూర్తిగా తుడిచేశారు, మొదట హాయిగా అనిపించింది, కాసేపయ్యాక ఏదో వెలితి. మావయ్య కళ్ళు మూసుకుని విని "ఊపిరి తీసేశార్రా" అన్నాడు. నిజమే. పద్యం ఎత్తుకునే ముందు గాయకుడు తీసుకునే ఊపిరి లేదు, రాగం చివర సన్నగా తేలిపోవాల్సింది కత్తెరతో కోసినట్టు ఆగిపోయింది, మాటల్లో స, శ ఒకటైపోయాయి. పోయినదాని బదులు ప్రతిధ్వని కలిపి వెనక స్పీకర్లలోకి తోశారు, శకుని ముందు నిలబడి మాట్లాడుతుంటే గొంతు మా తల వెనక నుంచి వస్తోంది. మాటకి మాట అందించుకుంటూ శకుని వేషంలో సీఎస్సార్ అంత ఒడుపుగా పలికిన మాటలు నూతిలోంచి వినబడితే ఏం బాగుంటుంది.

అప్పట్నుంచి నేను డిస్కు కొంటే ముందు పాట వినను. ఎవరూ మాట్లాడని చోటు వెతుక్కుంటా. రెండు డైలాగుల మధ్య ఆ నిశ్శబ్దంలో సన్నటి గాలి చప్పుడు లాంటిది ఉందంటే మిగతాది కూడా ఉన్నట్టే.

2010 జనవరి చివర్లో రంగుల మాయాబజార్ హాళ్ళలోకి వచ్చింది. మావయ్యకి అప్పటికే ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటికి కావాలి. విజయవాడలో తీసుకెళ్ళాను. హాలు నిండిపోయింది, పిల్లలు వివాహ భోజనంబు వస్తుంటే కుర్చీల్లో ఎగురుతున్నారు, నాకు ఒళ్ళు పులకరించింది. గీతలు లేవు, మాట స్పష్టంగా ఉంది, ఆ పని మీద ఎంతమంది ఎన్ని నెలలు కూర్చుని ఉంటారో అనిపించింది, వాళ్ళ కష్టాన్ని తక్కువ చేయను. కానీ బొమ్మని సినిమాస్కోప్ ఆకారంలోకి మార్చారు, చదరపు బొమ్మని అంత పొడవు తెరకి సాగదీస్తే పైనా కిందా పోకుండా ఎలా ఉంటుంది. లాహిరి లాహిరి వచ్చింది. నీలం రంగు. మావయ్య నా చెయ్యి పట్టుకుని మెల్లగా "బాగుందిరా, పిల్లలకి బాగుంది" అన్నాడు, కాసేపాగి "ఆయన నలుపూ తెలుపూ అనుకుని లైట్లు పెట్టాడు కదా" అన్నాడు, అంతే. ఇంటికొచ్చాక డిస్కు కూడా కొన్నా, మా పిల్లలకి ఈ సినిమా దొరికింది దాని వల్లే, అందుకే దాన్నీ ఆ పెట్టెలోనే ఉంచాను.

మావయ్య 2013లో పోయాడు. రెండేళ్ళకి బెంగాలీ దర్శకుడు సత్యజిత్ రాయ్ అపు సినిమాలు మూడూ బాగుచేసి విడుదల చేశారు, అమెరికాలో ఉండే మా పిన్ని కొడుకు ఆ బ్లూరేలు తెచ్చిచ్చాడు. వాటి కథ తెలిసినవాళ్ళకి తెలుసు, 1993లో లండన్‌లో ఒక ల్యాబులో మంటలొచ్చి ఆ నెగటివ్‌లు కాలిపోయాయి, అంచులు కరిగి గట్టిపడిన ముక్కల్ని పారేయకుండా అమెరికాలో దాచారు, ఇరవై ఏళ్ళ తర్వాత ఇటలీలో బొలోన్యా ల్యాబులో వాటిని ద్రావణాల్లో నానబెట్టి, పొరలు విడదీసి, చిరిగిన పళ్ళరంధ్రాలు చేత్తో బాగుచేశారు. వాటిలో మొదటిది పథేర్ పాంచాలీలో దాదాపు 40 శాతం అలా కాలిన నెగటివ్ నుంచే తీసుకున్నారు. నేను ఆ డిస్కు పెట్టుకుని వాన సీను చూశాను. అపు అక్క దుర్గ తడుస్తున్న వాన. గీతల వాన లేదు, అసలు వాన మాత్రమే ఉంది, ఒక్కో చినుకు ఆకు మీద పడి చిట్లడం తెలుస్తోంది. సగం చూసి ఆపేసి ఏడ్చాను. మావయ్య ఉంటే టీవీకి ఆరడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు.

మన సినిమాలకీ ఆ శ్రద్ధ దక్కితే ఎంత బాగుంటుందో అని నాకు ఎప్పుడూ ఉంటుంది. మల్లీశ్వరి, దేవదాసు, విప్రనారాయణ, ఇవన్నీ నెగటివ్ దగ్గర్నుంచి ఎవరైనా ఓపిగ్గా ఎక్కిస్తే చూడాలని. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో వెండి ఉంటుంది, ఆ వెండి కోసం పాత ప్రింట్లు కిలోల లెక్కన కొని కరిగించేసిన రోజులున్నాయి ఈ దేశంలో. రంగుల ప్రింట్ల సంగతి ఇంకోలా ఉంది, డెబ్బైల నాటి ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో నీలాలు ముందు వెలిసిపోతాయి, చివరికి ఎరుపే మిగులుతుంది, డిస్కులో ఆకాశం గులాబీగా ఉందంటే అది సాయంత్రం సీను కాకపోవచ్చు.

సంక్రాంతి రోజు రాత్రి అందరూ పడుకున్నాక అమ్మా నేనూ కూర్చున్నాం. పాత ప్లేయర్ దుమ్ము తుడిచి 2005 నాటి డీవీడీ పెట్టాను, వెన్నెల ఉన్నది అందులోనే. వీసీడీ డబ్బాలోంచి మావయ్య రాసిన కాయితం తీశాను, పెన్సిలు గీత బాగా వెలిసింది గానీ చదవచ్చు. 38, 55 ఈ కొత్త టీవీకి పనికిరాలేదు, మరీ చీకటైపోయింది, మెల్లగా సర్దుకుంటూ వచ్చాను. కలర్ మాత్రం సున్నాకే పెట్టాను. లైటు తీశాను. రెండు పక్కలా నల్ల పట్టీలు, మధ్యలో పడవ, నీళ్ళ మీద ఆ తళుకు.

అమ్మకి ఇప్పుడు ఎనభై దాటాయి. పాటతో పాటు మెల్లగా అందుకుని, రెండో మాట దగ్గర ఆగింది.

"ఇది ఆ పైకి ఉన్నదే కదూ" అంది.

"అవునమ్మా, బొమ్మ దీన్లోనే బాగుంటుంది."

"మీ మావయ్యకి ఇదే ఇష్టం" అని, మళ్ళీ మొదట్నుంచి పెట్టమంది.